బండమ్మ గొంతులో జీర

వేసవి 2

పీరయ్య మాస్టారు ఈ పుస్తకం నా చేతిలో పెట్టి మూడు నియమాలు చెప్పారు. ముట్టుకున్న ప్రతిదీ రాయాలి. కాల్చిన ప్రతిదీ రాయాలి. దాచిపెట్టినదేమైనా ఉంటే అన్నిటికంటే ముందు రాయాలి.

"అందంగా రాయాలా మాస్టారూ?"

"నీ తరవాత రిపేరు చేసేవాళ్ళకి అర్థమయ్యేట్టు రాయి. అందం మిగిలితే చివర్లో చల్లు, కొత్తిమీరలాగా."

నేను తొలకరిని. వయసు పదిహేడు. లోనూరు యాంప్లిఫయర్ గదిలో మొదటి ఏడాది చదువు. తొలకరి అంటే మొదటి వాన అట. మా అమ్మ వానని చూడలేదు, వాళ్ళమ్మా చూడలేదు. పైన ఎండకి తట్టుకోలేక ముత్తాతల కాలంలో అందరూ కొండ కిందికి దిగిపోయారు. వాన పైనే ఉండిపోయింది, దాని పేరు మాత్రం మాతో దిగొచ్చింది.

ఈరోజు కాంభోజమ్మ గారు ఫిర్యాదు తెచ్చారు. ఆవిడ ఊరందరికీ సంగీతం నేర్పుతారు, ఊరికి పెద్ద కూడా. ఆవిడ ఎదురైతే మనుషులు తెలియకుండానే శ్రుతిలో దణ్ణం పెడతారు.

"పీరయ్యా, బండమ్మ గొంతు జీరబోయిందయ్యా. ఇరవై నాలుగున పాటల పండగ. ఈ గొంతుకి శ్రుతి కలిపితే మా పిల్లలు కప్పల్లా పాడతారు."

కప్ప ఎలా ఉంటుందో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. అయినా తిట్టు తగిలింది.

మా నెత్తిమీదా కాళ్ళ కిందా ఉన్న బండే బండమ్మ. ఊరి అట్టడుగున బండలోకి లోతుగా రంధ్రం తొలిచి ముత్తాతలు ఒక మైకు పాతారు. దాని వైరు మా గదికి వస్తుంది. మా యాంప్లిఫయర్ ఆ శబ్దాన్ని పెద్దది చేసి ప్రతి ఇంటి గోడ స్పీకరుకీ పంపుతుంది. గది గుమ్మం మీద వాళ్ళు చెక్కిన మాట ఇది: "బండ గొంతు ప్రతి ఇంటికీ వినబడాలి. ఈ లైను మూయరాదు."

మూయలేదు. మా తాతల కాలం నుంచి బండమ్మ ప్రతి ఇంట్లో "గుఁయ్ఁ" అని పాడుతూనే ఉంది. ఊరు ఆ శ్రుతిలోనే పాడుతుంది, ఆ శ్రుతిలోనే పిల్లల్ని జోకొడుతుంది. మా పక్కింటి నారాయుడు బాబాయి గురక కూడా ఆ శ్రుతిలోనే పెడతాడు.

అప్పగించిన పని: బండమ్మ గొంతు సరిచేయడం. ఈరోజు ముట్టుకున్నది: దుమ్ము. కాల్చినది: ఏమీ లేదు.

వేసవి 5

బండమ్మ గొంతు వేసవిలో దిగుతుంది. అందరికీ తెలిసిన సంగతే. "అమ్మకి దప్పిక" అంటారు. ఎంత దిగిందో కొలుద్దామని నాలుగు రోజులుగా కాంభోజమ్మ గారు శ్రుతి చూసుకునే పిచ్ పైపు అరువు తెచ్చి లెక్క రాస్తున్నాను. పక్కనే, కరెంటు మర నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో కూడా రాశాను. ఎందుకు రాశానంటే గీతలు గీసిన పేజీలో ఒక గడి ఖాళీగా మిగిలింది, అది చూస్తే నాకు నిద్ర పట్టదు.

మరని తిప్పేది కొండ లోపలి వాగు. వాగు సన్నబడుతోంది. మర నెమ్మదించిన ప్రతిసారీ బండమ్మ గొంతు సరిగ్గా అంతే దిగింది. పిసరంత తేడా లేదు.

ఇది నాకు నచ్చలేదు.

మధ్యాహ్నం యాంప్లిఫయర్ వెనకాల ఊడుస్తుంటే చీపురు తగిలి బండ మైకు వైరు ఊడి చేతికొచ్చింది. నా ప్రాణం పోయింది. ఎనభై ఎనిమిదేళ్ళలో మూయని లైను నేను చీపురుతో మూసేశాను!

బండమ్మ పాడుతూనే ఉంది.

వైరు నా చేతిలో ఉంది. పాట గోడమీద ఉంది. వైరు పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. పాటలో మార్పు లేదు. ఆ గదిలో నేనొక్కదాన్నే నిలబడి ఉండటం వల్ల, ఆశ్చర్యపోవాల్సిన పని మొత్తం నేనే చేయాల్సి వచ్చింది.

మాస్టారు వస్తే చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేసి బల్లమీద కూర్చున్నారు.

"అది బండ కాదమ్మా, రిపిల్. నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"ఒకసారి చెప్పాను. ఆ ఏడాది నుంచి నన్ను పెళ్ళి పాటలకి పిలవడం మానేశారు."

ఆయన చెప్పినది నా మాటల్లో రాస్తున్నాను. మర నుంచి వచ్చే కరెంటు ఉయ్యాలలా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. డయోడ్లు వెనక్కి ఊగేదాన్ని కూడా ముందుకే తోస్తాయి. కానీ అది చేతి పంపు కొట్టినట్టు దబదబా పడుతుంది. కింద పెద్ద తొట్టి పెట్టి, ఆ తొట్టికి కుళాయి బిగిస్తే ధార సమంగా వస్తుంది. ఆ తొట్టి పేరు కండెన్సర్. తొట్టి నిండా బురద పేరుకుంటే పంపు దెబ్బలు నేరుగా కుళాయిలోకొస్తాయి. మా యాంప్లిఫయర్‌లో ఆ కుళాయి పేరు స్పీకరు. మర ఒక ఊపు ఊగితే రెండు దెబ్బలు. ఆ దెబ్బలే రిపిల్. వాటికే మేం దీపం పెట్టి దణ్ణం పెడుతున్నాం.

"ఇన్నాళ్ళూ ఎవరికీ నష్టం లేదు కదా అని ఊరుకున్నాను," అన్నారు మాస్టారు.

అప్పుడు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరూ తవ్వలేదు. ఈ వేసవిలో తవ్వుతున్నారు.

వేసవి 6

తవ్వుతున్నది మా అక్క సంజ, ఆమె దండులో మరో ఆరుగురు. వాగు ఎండితే మరా ఉండదు, తాగడానికీ ఉండదు. అందుకని అడుగు సొరంగంలో నీళ్ళ కోసం కిందికి దిగుతున్నారు. సొరంగం మొగలో ఒక స్పీకరుంది. బండమ్మ పాడుతుంటే క్షేమం, లోపలికి వెళ్ళొచ్చు. అది వాళ్ళ రూలు.

అక్క ఇంటికొచ్చి తలలో రాతిపొడి దులుపుకుంటుంటే సంగతి చెప్పాను. దులుపుకోవడం ఆపింది.

"అంటే మేం కండెన్సర్ పాట విని బండ కిందికి వెళ్తున్నామా?"

"పాడైన కండెన్సర్."

"అబ్బ, ఎంత ధైర్యంగా ఉందే ఇప్పుడు!"

"రేపటి నుంచి మానెయ్యక్కా."

"మానేస్తే నలభై రోజుల్లో ఊరంతా నాలుక బయటపెట్టి కూర్చుంటుంది. బండ విరిగే ముందు నిజంగా ఏమైనా చెబుతుందా?"

ఆ ప్రశ్నకి జవాబు కోసం చలమయ్య తాత దగ్గరికి వెళ్ళాను. తాత బండమ్మని వినే ఉద్యోగి. ముప్పై ఒక్క ఏళ్ళుగా చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, రోజూ రిజిస్టర్లో ఒకే వాక్యం రాస్తున్నాడు. "బండమ్మ పాడుతోంది. క్షేమం." దస్తూరి మాత్రం ముత్యాలే.

తాత నిద్రలో ఉండగా, అంటే ఉద్యోగంలో ఉండగా, అటక మీది పాత రిజిస్టర్లు దించాను. మొదటి ఏళ్ళవి. ముత్తాతల చేతిరాత కోడి కెలికినట్టుంది కానీ విషయం ఉంది.

"బండ నిశ్శబ్దం. క్షేమం."
"బండ నిశ్శబ్దం. క్షేమం."
"టక్కుమని నాలుగుసార్లు. తవ్వకం ఆపాం."
"టకటకలు ఎక్కువయ్యాయి. అందరినీ పైకి పిలిచాం. సాయంత్రం మూడో గది కప్పు కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు."

అంటే చెబుతుంది. బండ విరిగేముందు లోపల సన్నగా చిట్లుతుంది. ఆ చిట్లే చప్పుడు కోసమే మైకు పాతారు. ఇరవై ఆరో ఏట ఎవరో రాశారు: "ఈమధ్య సన్నగా పాడుతోంది." ఆ తరవాత టకటక అనే మాట ఏ రిజిస్టర్లోనూ లేదు.

కండెన్సర్ పాడవడం మొదలైంది ఆ ఏడే అయ్యుండాలి.

వేసవి 7

కాంభోజమ్మ గారికి ఆ రిజిస్టరు చూపించాం. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"మొదట్లో బండమ్మకి మనం కొత్త. కొత్త కోడలు మాత్రం వచ్చీరాగానే పాడుతుందా? నిశ్శబ్దంగానే ఉంటుంది."

నేను రిజిస్టరు మూశాను.

"మీరు నన్ను గొంతు సరిచేయమన్నారు కదండీ," అన్నాను.

"సరిచెయ్. జీర తియ్. అంతే."

అయితే అనుమతి ఉన్నట్టే. జీర తీస్తే దాని వెనకాల గొంతు కూడా వచ్చేస్తుందా అని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. నియమం ప్రకారం ఇక్కడ రాశాను.

వేసవి 8

కొత్త కండెన్సర్లు ఎక్కడా తయారవడం లేదు. స్టోరులో ముత్తాతలు దాచినవి పెట్టెడు ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ ఒక్కో కాగితంలో చుట్టి పెట్టారు. కాగితాలు ఒక నిఘంటువువి! కండెన్సరు విప్పినప్పుడల్లా ఒక పేజీ చదవడం, మాస్టారు దగ్గడం, నేను పనిలో పడటం. ఝంకారం, ఝంఝ, ఝరి. ఝరి అంటే కొండమీద నుంచి దూకే నీరు. ఎంత గొప్ప మాట! మాకు కొండ ఉంది, దూకే నీరే లేదు.

పాత కండెన్సర్‌ని ఒకేసారి నిండు కరెంటుకి పెట్టకూడదు. లంఖణాలు చేసినవాడికి మొదటి పూట గంజి పోసినట్టు, మధ్యలో ఒక బల్బు పెట్టి కొద్దికొద్దిగా ఎక్కించాలి. మొదట బల్బు వెలుగుతుంది. కండెన్సర్ కోలుకుంటున్నకొద్దీ బల్బు మసకబారుతుంది. పూర్తిగా ఆరితే అది బతికినట్టు. ఒక్కోదానికి రెండు రోజులు. ఒకేసారి ఏడెనిమిదింటిని వరసగా పెట్టాం.

వేసవి 10

కాల్చినది: కండెన్సర్ ఒకటి. కారణం: నేను గంజి బదులు బిర్యానీ పెట్టాను.

టప్పుమంది. లోపలి కాగితం ముక్కలు గదంతా పెళ్ళి అక్షింతల్లా పడ్డాయి. పక్క గదిలో చలమయ్య తాత అంబలి గిన్నెలో కూడా పడ్డాయి. తాత హెడ్‌ఫోన్ తీసి, "బండమ్మ పాడుతోంది," అని చెప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. రేపటి నుంచి ఆ హెడ్‌ఫోన్ మీద కూడా ఓ కన్నేయాలి.

ముట్టుకోకూడనిదైనా ముట్టుకున్నది: స్విచ్చు ఆపి గంటసేపయినా నిండుగానే ఉన్న ఇంకో కండెన్సర్. మోచేతి దాకా ఝల్లుమంది. కండెన్సర్ పగ మర్చిపోదు. ముట్టుకునే ముందు దాని కాళ్ళ మధ్య రెసిస్టర్ పెట్టి ఖాళీ చేయాలి. నా తరవాత రిపేరు చేసేవాళ్ళు ఈ వాక్యం కింద గీత గీసుకోండి.

వేసవి 15

ఆరు కండెన్సర్లు బతికాయి. పద్నాలుగు చచ్చాయి. ఈ ఉదయం పాతవాటి స్థానంలో నాలుగు టంకం వేశాం. స్విచ్చు వేశాం.

బండమ్మ గొంతు చచ్చుబడింది కానీ ఆగలేదు. వెనకాల దోమలాగా సన్నటి "గుయ్".

మధ్యాహ్నందాకా వెతికాను. ట్రాన్స్‌ఫార్మర్ని పక్కకి తిప్పాను, వైర్లు మెలితిప్పాను, రెండుసార్లు ఏడ్చాను. చివరికి దొరికింది. బండ మైకు వైరు మీది అల్లిక తొడుగుని కింద నీళ్ళ గొట్టానికి ఎర్త్ చేశారు, పైన మా పెట్టెకీ ఎర్త్ చేశారు. రెండు చోట్లా భూమి అంటుకుని ఉంటే, ఆ రెండింటి మధ్యా కరెంటు చుట్టపు చూపుగా తిరుగుతూనే ఉంటుంది. కిందిది కోసేశాను.

గది నిశ్శబ్దమైపోయింది.

అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నా చెవులు పోయాయనుకున్నాను. మాస్టారు బల్లమీద గోరుతో కొట్టి చూసుకున్నారు, వినబడుతోందా లేదా అని.

తరవాత ఊరి చప్పుడు మొదలైంది. ముందు పసిపిల్లలు, ఒకరి తరవాత ఒకరు, వీధి వీధంతా. తలుపులు తెరుచుకున్నాయి. నారాయుడు బాబాయి, పిన్నీ పదేళ్ళుగా పోట్లాడుకుంటున్న సంగతి ఊరందరికీ ఒకేసారి తెలిసింది. ఇన్నాళ్ళూ గోడ అవతలి మాటలని బండమ్మ కప్పి ఉంచింది పాపం.

కాంభోజమ్మ గారు పరుగెత్తుకొచ్చారు. ఆవిడ పరుగెత్తడం కూడా నేనెప్పుడూ చూడలేదు.

"చంపేశావే! బండమ్మని చంపేశావు!"

"లేదండీ, ఇప్పుడే లైను బాగుపడింది. వినండి."

అందరం విన్నాం. స్పీకర్లోంచి పెనం మీద నీటిచుక్కలా సన్నటి "సుయ్". ఇంకేమీ లేదు. కాసేపటికి ఠంగ్, ఠంగ్, ఠంగ్ అని వినబడింది.

"అదిగోండి!" అన్నాను.

"అది మీ అక్క గునపం. అన్నం తిని మళ్ళీ పని మొదలెట్టారు. బండమ్మ ఏదీ?"

బండమ్మ ఏమీ అనలేదు. నేను స్పీకరువైపు బతిమాలుతూ చూశాను. ఒక్క టక్కు, ఒక్కటంటే ఒక్కటి అనకూడదూ? తరవాత అర్థమైంది నేను కోరుకుంటున్నదేమిటో. మా అక్క నెత్తిమీద బండ చిట్లాలని.

స్పీకరు మీంచి చూపు తిప్పుకున్నాను.

"పండగలోపు మా గొంతు మాకు తెచ్చిపెట్టు. లేకపోతే ఈ గది గడప తొక్కొద్దు," అన్నారు కాంభోజమ్మ గారు. ఆవిడ గొంతులో కోపంకంటే భయం ఎక్కువుంది. శ్రుతి లేకుండా ఆవిడ మాట్లాడటం అదే మొదటిసారి. కొంచెం తడబడ్డారు కూడా.

వేసవి 16

పాత కండెన్సర్లు తిరిగి పెట్టాను. ఊరంతా వాటికి చప్పట్లు కొట్టింది. పిల్లలు నిద్రపోయారు. నారాయుడు బాబాయి సంసారం మళ్ళీ ఆదర్శమైపోయింది.

అక్క పొద్దున్నే గునపం భుజానవేసుకుని వెళ్ళింది. సొరంగం మొగలో స్పీకర్ని చూసి, "ఏమ్మా, క్షేమమేనా?" అని అడిగిందట. గుఁయ్ఁ అందట.

వేసవి 20

ఆలోచించాను. ఊరికి కావల్సింది శ్రుతి. అక్కకి కావల్సింది నిశ్శబ్దం. రెండూ ఒకే వైరులో పోస్తే ఒకదాన్ని ఇంకొకటి తాగేస్తోంది. అప్పుడు రెండు వైర్లుండాలి!

ఇంత చిన్న వాక్యం ఆలోచించడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మధ్యలో ధారాళం, ధారణ, ధాటి అనే మాటలు కూడా నేర్చుకున్నాను కాబట్టి పూర్తిగా వృథా కాదు.

వేసవి 23

దాచిపెట్టినది. కాబట్టి ముందుగా రాస్తున్నాను.

చెక్కపెట్టె ఒకటి చేశాను. అందులో చిన్న ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, చచ్చిన కండెన్సర్లలోకెల్లా బాగా చచ్చినది, ఒక చిన్న స్పీకరు. మర కరెంటుకి తగిలిస్తే అచ్చం బండమ్మలా పాడుతుంది. జీర ఉండదు, ఎందుకంటే ఎంత బురద కావాలో లెక్కేసి పెట్టాను. దీని పేరు ఇంకా తేలలేదు.

రేపు మధ్యాహ్నం ఊరంతా పండగ హాల్లో ఉంటుంది, ఇళ్ళు ఖాళీ. పెట్టె వేదిక కింద ఉంటుంది. పాటగాళ్ళకి శ్రుతి అందుతుంది. గదిలో మాస్టారు మంచి కండెన్సర్లు తగిలిస్తారు. గోడ స్పీకర్లలో శుభ్రమైన లైను ఉంటుంది. రేపు కూడా అక్క దండు తవ్వుతోంది. పండగకి సెలవిస్తే నీళ్ళు సెలవు తీసుకుంటాయి అంది.

"మాస్టారూ, దొరికిపోతే?"

"నన్నైతే పెళ్ళి పాటలకి ఎలాగూ పిలవరు. నీ సంగతే చూసుకో."

వేసవి 24

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మూడో గంటకి పండగ మొదలైంది. నేను వేదిక కింద పెట్టె పక్కన ముడుచుకుని కూర్చున్నాను. పెట్టె చక్కగా పాడింది. ముందు పిల్లలు పాడారు. తరవాత కాంభోజమ్మ గారు మైకు ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, "ఆహా, అమ్మ గొంతు విచ్చుకుంది," అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

ఆవిడ పాట మొదలెట్టారు. పల్లవి అయింది. చరణం సగంలో ఆపేశారు.

"ఎవరే ఆ తాళం తప్పేది?"

తాళం వేస్తున్న పిల్లలు చేతులు చూసుకున్నారు. మద్దెల వాయించే సూరన్న, "నేను కాదండీ," అన్నాడు.

మళ్ళీ మొదలెట్టారు. మళ్ళీ ఆపారు. "ఒరేయ్, చెప్పినా సిగ్గు లేదట్రా? టక్కు, టటక్కు అని ఎవరో కొడుతున్నారు. నా చెవిలో పడుతోంది!"

నేను వేదిక కింద నుంచి బయటికి పాక్కుంటూ వచ్చాను. నెత్తిమీద సాలెగూడు ఉందట, తరవాత చెప్పారు. చేతిలో పెట్టె ప్లగ్గు ఉంది. పీకేశాను.

హాల్లో శ్రుతి చచ్చిపోయింది. జనం గుండె మీద చెయ్యేసుకున్నారు. ఎవరో నన్ను తిట్టడం మొదలెట్టారు.

"నోరు ముయ్యండి!" కాంభోజమ్మ గారి గొంతు. తల పక్కకి వంచి వింటున్నారు ఆవిడ.

గోడ స్పీకర్లలోంచి, ఠంగ్, ఠంగ్, ఠంగ్, ఠంగ్.

"అవి గునపాలు. సంజ దండు. నాలుగు లెక్కన వేస్తున్నారు, చక్కగా ఉంది," అన్నారు ఆవిడ మెల్లగా. "మధ్యలోది ఎవరిది?"

ఠంగ్, టక్, ఠంగ్, ఠంగ్, టటక్, ఠంగ్. నాకు ముందు వినబడలేదు. ఆవిడ వేలు ఎత్తి చూపిస్తుంటే అప్పుడు వినబడింది. ఆవిడకి మాత్రం పెద్ద అక్షరాలతో రాసినట్టు వినబడుతోంది.

"దీనికి లెక్క లేదు," అన్నారు. "ఏ తాళానికీ చెందదు. దగ్గర దగ్గరగా పడుతోంది." ఆవిడ మొహం రంగు మారింది. "తొలకరీ. ఇదేనా?"

"ఇదేనండీ."

హాలు మూలనున్న ప్రమాద గంట తాడు కోసం చలమయ్య తాత లేచాడు. ఆ తాడు మీద ముప్పై ఒక్క ఏళ్ళుగా తువ్వాళ్ళు ఆరేస్తున్నారు. లాగితే తువ్వాళ్ళు వచ్చాయి, గంట రాలేదు. కాంభోజమ్మ గారు తాత చేతిలోని తాడునీ తువ్వాలునీ చూసి, వేదిక మీది మైకు రెండు చేతులతో పట్టుకున్నారు. ఆ మైకు కూడా మా యాంప్లిఫయర్‌కే వెళ్తుంది. అక్కణ్ణించి ప్రతి గోడకీ, సొరంగం మొగకీ.

"సంజా! పైకి రండే! గునపాలు అక్కడే పారేసి పైకి రండి! ఏడుగురూ!"

ఆవిడ గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలియదు. పాట కోసం దాచుకున్నదంతా ఒకేసారి వాడేశారు.

గునపాలు ఆగాయి. ఇక స్పీకర్లో టకటకలు మాత్రమే మిగిలాయి. నూనెలో ఆవాలు వేసినట్టు పడుతున్నాయి. నేను మెట్ల దగ్గరికి పరుగెత్తాను. ఒకరు వచ్చారు. ఇద్దరు. నలుగురు. ఆరుగురు.

ఆరుగురు.

నా జీవితంలో ఆ అంకెని అంత అసహ్యించుకున్నది లేదు.

తరవాత అక్క వచ్చింది, తన గునపం భుజాన వేసుకుని.

"పారేసి రమ్మంటే!" అని అరిచాను.

"ఇది నాదే, ఎందుకు పారేస్తాను?" అంది. ఇంకో మెట్టెక్కింది. అప్పుడు కింద పెద్ద శబ్దం, ఆ వెనకే దుమ్ము. హాలు మొత్తం దగ్గింది. దుమ్ము తగ్గాక లెక్కపెట్టాను. ఏడు. మళ్ళీ లెక్కపెట్టాను. ఏడే.

అక్క కూలబడి నీళ్ళడిగింది. తాగి అంది: "మైకులో చెప్పిన మాట అర్థమవడం ఇదే మొదటిసారి. ఎప్పుడూ గుయ్‌మని ఏదో వినబడేది, పాటేమో అనుకుని పని చేసుకునేవాళ్ళం."

కాంభోజమ్మ గారు నా దగ్గరికి వచ్చారు. నా నెత్తిమీది సాలెగూడు తీసి, వేదిక కిందికి వంగి చూశారు. పెట్టె బయటికి లాగారు. ప్లగ్గు ఆవిడే పెట్టారు. అది గుఁయ్ఁ అంది.

"ఇన్నాళ్ళూ నేను దణ్ణం పెట్టింది దీనికా?"

"దీని పెద్దక్కకండీ."

అందరూ నావైపు చూశారు. ఆవిడ ముందు పెదవులు బిగించారు. తరవాత భుజాలు కదిలాయి. తరవాత హాల్లో అందరికంటే పెద్దగా నవ్వింది ఆవిడే. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

"గొంతు బాగుంది దీనికి," అన్నారు. "చరణం మధ్యలో ఆపకూడదు. సూరన్నా, అందుకో."

వేసవి 26

పెట్టెకి కాంభోజమ్మ గారు పేరు పెట్టారు: జీర. అది పాటల గదిలో ఉంటుంది. పిల్లల్ని నిద్రపుచ్చడానికి ఇంటింటికీ ఒకటి కావాలట. చచ్చిన కండెన్సర్లు ఇంకా పన్నెండున్నాయి, తరవాత నేనే చంపాలి. నారాయుడు బాబాయి రెండు అడిగాడు.

అక్క దండు రేపటి నుంచి తూర్పు వైపు తవ్వుతుంది. ముందు కొత్త మైకు, తరవాత గునపం. పీరయ్య మాస్టారికి వచ్చేవారం పెళ్ళి పాటలకి పిలుపు వచ్చింది. ఏం పాడాలో తెలియక గదిలో తలుపు వేసుకుని సాధన చేస్తున్నారు. యాంప్లిఫయర్లో కొత్త లోపమేదో వచ్చిందని నేను రెండుసార్లు స్క్రూడ్రైవర్ పట్టుకుని పరుగెత్తాను.

ఇవాళ చలమయ్య తాత రిజిస్టరూ హెడ్‌ఫోనూ నా ముందు పెట్టాడు.

"నువ్వు రాయమ్మా ఇకనుంచి. నాకు ఎడమ చెవి పద్నాలుగేళ్ళుగా వినబడదు."

"కుడిది తాతా?"

"ఆఁ?"

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. సన్నటి సుయ్. దాని వెనక, చాలా కిందుగా, వాగు. ఇంకా దాని వెనక, మా కాళ్ళ కింద ఉన్నదంతా. గంటసేపు విన్నాను. ఒక్కో నిమిషమూ ఒక్కో ఏడాదిలా గడిచింది. నాకు నిఘంటువులో దొరికిన మంచి మాటలన్నీ వాడాలనిపించింది. ప్రశాంతం, నిశ్చలం, నిర్మలం. తేదీ రాశాను.

తరవాత నా తరవాత వినేవాళ్ళకి అర్థమయ్యేట్టు రాశాను.

"బండ నిశ్శబ్దం. క్షేమం."